గ్రీసు లోయల్లో జలపాతాలకు నడిచే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి. మే నెల రెండో వారంలో ముగ్గురు స్నేహితులతో కలిసి స్టుట్‌గార్ట్ నుంచి గ్రీసు వెళ్తున్నావనీ, సముద్రం ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి కాక అడవుల్లో దాగి ఉన్న జలపాతాల దాకా నడవడానికే ఆ పది రోజులూ కేటాయించావనీ తెలిసి సంతోషించాను. ఏథెన్స్ దగ్గరి పిరయస్ రేవులో ఓడల ఇంజన్ల మరమ్మతు పనిలో నేను ఉన్న పదిహేడేళ్ళలో ఆదివారాలు చాలావరకు ఆ లోయల్లోనే గడిచాయి. ఇప్పుడు విశాఖలో మేడమెట్లు ఎక్కడానికే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు గాని, ఆ దారులు మాత్రం కాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. ఏయే జలపాతాలు చూడాలని నీవు అడిగావు. అది కొంచెం ఆగి చెబుతాను. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది, చూసిన తరువాత క్షేమంగా పైకి ఎలా రావాలన్నది.

మన దగ్గర కొండదారి అంటే ఎక్కడం ముందు, దిగడం తరువాత. సింహాచలం మెట్లయినా అలిపిరి మెట్లయినా ఒంట్లో బలం ఉన్నప్పుడే కష్టం తీరిపోతుంది, అలసిన కాళ్ళకు దిగుడు మిగులుతుంది, మధ్యలో ఓపిక అయిపోతే వెనక్కి తిరగడం కూడా సులువే. గ్రీసులో లోయ జలపాతాల లెక్క దీనికి తలకిందులు. ఊళ్ళు కొండ భుజం మీద ఉంటాయి, నీళ్ళు లోయ అడుగున పారుతాయి. పొద్దున్నే చల్లగాలిలో కబుర్లు చెప్పుకుంటూ నలభై నిమిషాల్లో దిగిపోతారు. నీళ్ళలో ఆడి, తిని, ఒళ్ళు బరువెక్కిన తరువాత మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ నిట్టనిలువు దారినంతా ఎక్కవలసి వస్తుంది. నేను చూసిన బెణికిన చీలమండల్లో, వడదెబ్బల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగంలో జరిగినవే. కాబట్టి ప్రతి లెక్కనూ ఆ రెండో సగం నుంచి మొదలుపెట్టు. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకో. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు తీసుకెళ్తే అందులో రెండు లీటర్లు పైకి రావడానికి మిగలాలి. ఏ గంటకు వెనుదిరగాలో కారు దగ్గరే నిర్ణయించుకుని, నలుగురికీ వినపడేలా పైకి చెప్పండి. జలపాతం ఎదురుగా కూర్చున్న మనిషికి ఇంకో పావుగంట ఎప్పుడూ ఉన్నట్లే అనిపిస్తుంది.

ఋతువు విషయంలో కూడా మన అలవాటు అక్కడ పనికిరాదు. కుంటాల, బొగత, తలకోన చూడాలంటే మనం వానాకాలం కోసం ఎదురుచూసి జూలై నుంచి అక్టోబరు మధ్యలో వెళ్తాం. గ్రీసులో వానలు పడేది చలికాలంలో, రమారమి అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా. వేసవి నెలల్లో వాన చాలా అరుదు. అందుచేత జూలై, ఆగస్టుల్లో సెలవులకు వచ్చిన వాళ్ళు ఫోటోల్లో చూసిన జలపాతాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, తెల్లటి ఎండిన బండరాళ్ళను చూసి తిరిగి వస్తారు. పైగా ఆ కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయి. ఆ రాయి నీటిని పైన నిలవనివ్వకుండా పగుళ్ళలోకి మింగేసి, ఎక్కడో మైళ్ళ దూరంలో ఊటగా బయటకు వదులుతుంది. అందువల్ల పక్కపక్కన ఉన్న రెండు లోయల్లో ఒకటి ఎండిపోయి, మరొకటి ఆగస్టులో కూడా గలగలా పారుతుండడం అక్కడ వింత కాదు. నీవు ఎంచుకున్న మే నెల మాత్రం సరైనదే. కొండల మీద మంచు కరుగుతూ ఉంటుంది, ఊటలు నిండుగా ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, అడవి దారుల పక్కన గడ్డి కూడా పూలతో ఉంటుంది.

నీళ్ళు నిండుగా ఉన్న కాలానికి ఇంకో ముఖం ఉంది. సమొత్రాకి ద్వీపంలో ఒక సెలయేరు పేరు ఫొనియాస్. ఆ మాటకు గ్రీకు భాషలో ‘హంతకుడు’ అని అర్థం. చెట్ల నీడలో, రాతి తొట్లలాంటి మడుగుల మీదుగా, వేసవిలో పిల్లలు కాళ్ళు తడుపుకునేంత సాధువుగా పారే ఆ ఏటికి అంత పేరు ఎందుకు పెట్టారా అని మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కూడా నవ్వుకున్నాను. కొండ మీద వాన పడితే అది ఎంత తొందరగా దిగివస్తుందో చూసిన వాళ్ళు పెట్టిన పేరు అది.

నాకు ఆ సంగతి తెలిసివచ్చింది వేరే చోట, నేదా నది లోయలో. నేను గ్రీసు వెళ్ళిన రెండో ఏడు, అక్టోబరులో, మా వర్క్‌షాపు ఫోర్‌మన్‌తో కలిసి దిగాను. నెత్తిమీద ఆకాశం నీలంగా ఉంది. నది మధ్యలో మంచం అంత బల్లపరుపు రాయి మీద కూర్చుని రొట్టె, జున్ను తింటున్నాం. ఆయన నమలడం ఆపి నీళ్ళ వైపే చూశాడు. అప్పటిదాకా సీసా పచ్చగా ఉన్న నీరు పాలు తక్కువైన టీ రంగులోకి మారుతోంది, ఎండుటాకులు ఒకటొకటిగా కాక గుత్తులు గుత్తులుగా కొట్టుకొస్తున్నాయి. ఆయన ‘ఎపానో’ అని ఒక్క మాట అన్నాడు. పైకి అని అర్థం. నేను బుద్ధిలేక కెమెరా సంచి కోసం వెనక్కి వంగాను, ఆయన నా చొక్కా కాలరు పట్టి లాగాడు. ఒడ్డున పది నిలువుల ఎత్తులో ఉన్న ఒక చెట్టు మొదలు దగ్గరకు చేరుకుని తిరిగి చూసేసరికి రాయి ఉంది. అన్నం వార్చేంత సేపటి తరువాత రాయి లేదు, సంచి లేదు, నది గొంతు మారిపోయింది. నీటి అడుగున బండలు ఒకదానికొకటి కొట్టుకునే మొద్దు శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. వాన పడింది ఎగువన, లికేయో కొండల మీద. ఆ చెట్టు కిందే రెండు గంటలు కూర్చుని, చీకటి పడ్డాక ఇద్దరికీ ఒకటే టార్చిలైటుతో పైకి ఎక్కాం.

అందుకని నీవు చేయవలసినది ఏమిటంటే, నీళ్ళ దగ్గరకు చేరగానే అంచున ఉన్న ఒక రాయిని గుర్తుగా పెట్టుకుని, తడి ఎంతవరకు ఉందో చూసుకుని, పావుగంటకు ఒకసారి దాన్ని చూస్తూ ఉండు. రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, శబ్దం పెరిగినా వాదించుకోకుండా పైకి నడవండి. నది వెంట కిందికి పరుగెత్తడం కాదు, ఒడ్డు ఎక్కడం. వాతావరణం చూసేటప్పుడు మీరున్న ఊరికి కాక నది పుట్టిన కొండకు చూడండి. ఏథెన్స్ జాతీయ వేధశాల వారి సూచనలు నాకు బాగా నమ్మకమైనవిగా అనిపించేవి. ముందురోజు ఎగువన గట్టి వాన పడి ఉంటే ఆ రోజు లోయ మానేసి ఏదైనా గుడో కోటో చూడండి.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది. విమానం ఏథెన్స్‌కు దిగితే దక్షిణాన ఉన్న పెలొపొనీస్ ద్వీపకల్పం వైపు వెళ్ళు, ఉత్తరాన ఉన్న థెస్సలొనీకికి దిగితే ఒలింపస్ కొండ వైపు వెళ్ళు. పది రోజుల్లో రెండూ కలిపితే కారులో కూర్చోవడమే సరిపోతుంది.

పెలొపొనీస్‌లో మొదటి నడకకు పోలిలిమ్నియో మంచిది. కలమాటా పట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, హరవ్గి అనే చిన్న ఊరి దగ్గర. పేరుకు ‘అనేక సరస్సులు’ అని అర్థం, నిజానికి అవి ఒకదాని కింద ఒకటిగా మెట్లు కట్టిన మడుగులు. మడుగు మడుగుకూ పేరుంది. అన్నిటికన్నా పెద్దది కాదీ అనే మడుగు, అందులోకి దాదాపు 25 మీటర్ల ఎత్తు నుంచి నీరు దూకుతుంది. దారి చిన్నదే గాని కొన్నిచోట్ల రాతిలో దిగగొట్టిన ఇనుప కడ్డీలు పట్టుకుని పాకవలసి ఉంటుంది. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ. మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ ఉంటే పక్షుల అరుపులు తప్ప ఇంకేమీ వినపడవు. కొత్త బూట్లు ఎలా ఉన్నాయో, స్నేహితుల్లో ఎవరికి కళ్ళు తిరుగుతాయో, ఎవరు తొందరపాటు మనిషో ఈ మొదటి రోజే తేలిపోతుంది.

తరువాత నేదాకు వెళ్ళు. నా మాట వింటే ఒక్క రోజు కాదు, రెండు రోజులు ఉంచుకో. మెస్సీనియా, ఇలియా జిల్లాల సరిహద్దుగా పారే నది అది. గ్రీకు భాషలో నదుల పేర్లు పుంలింగాలు, నేదా ఒక్కటే ఆడపేరు అని అక్కడి వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మన నదులు దాదాపు అన్నీ ఆడపడుచులే అని నేను చెబితే ఆ ఫోర్‌మన్ నమ్మలేదు. గ్రీకు దేవతల రాజైన జ్యూస్‌ను కన్న తరువాత ఆ తల్లికి బిడ్డను కడగడానికి నీళ్ళు దొరకకపోతే ఆమె కొండను కొట్టిందని, అక్కడ ఉబికిన నీటికి ఒక వనదేవత పేరు పెట్టిందని పాత కథ. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో ఆ దారినే తిరిగిన పౌసానియస్ అనే యాత్రికుడు, ఫిగాలియా ఊరి కుర్రవాళ్ళు ఈ నదికి తమ జుట్టు కత్తిరించి సమర్పించేవారని రాసిపెట్టాడు. తలనీలాలు ఇచ్చే దేశం నుంచి వెళ్ళిన వాణ్ణి, అది చదివిన రోజు ఆ నది నాకు పరాయిది అనిపించలేదు.

ప్లాతానియా అనే ఊరి నుంచి దిగితే జలపాతాలు, వాటి పక్కన రాతిని ఆనుకుని కట్టిన మేరీమాత చిన్న గుడి వస్తాయి. ఇంకొంచెం దూరంలో నది మొత్తం కొండ కడుపులోకి దూరిపోయే సొరంగం ఉంది. దాన్ని స్టోమియో అంటారు. గుమ్మం దగ్గర నిలబడి చూడు, చల్లటి గాలి ముఖానికి కొడుతుంది. స్థానికుడైన గైడు లేకుండా లోపలికి వెళ్ళవద్దు, ఎవరో వెళ్ళి వచ్చిన వీడియో చూపించి స్నేహితులు ఎంత బతిమాలినా వెళ్ళవద్దు. రెండో రోజు అక్కడికి దగ్గరలోనే కొండ మీద 1,100 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న వాసెస్ అపోలో గుడికి వెళ్తే కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. 1986లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన ఆ గుడిని గాలివానల నుంచి కాపాడడానికి పెద్ద గుడారం వేసి ఉంచారు. ఇంత దూరం వచ్చి డేరా చూడడమా అనుకోకుండా లోపలికి వెళ్ళు.

ఒలింపస్ వైపు వెళ్తే లిటోహోరో పట్నం నుంచి ప్రియోనియా దాకా ఎనిపేయాస్ లోయ వెంబడి నడక ఒక్కటి చాలు. పదకొండు కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు నుంచి 1,100 మీటర్లకు చేరతారు. మధ్యలో ఎన్నో చెక్కవంతెనలు, మడుగులు, చిన్న జలపాతాలు, 1943లో జర్మన్ సైన్యం పేల్చివేసిన సెయింట్ డయనీసియస్ మఠం వస్తాయి. దీనికి మాత్రం మన సింహాచలం లెక్కే, ఎక్కడం ముందు. అది జాతీయ వనం గనుక ఆ నీళ్ళలో దిగకూడదు. మడుగు ఎంత ఊరించినా కళ్ళతోనే చూడాలి. ఉత్తరాన ఇంకా సమయం మిగిలితే క్సాంతి జిల్లా కొండల్లో బీచ్ చెట్ల అడవి మధ్య 40 మీటర్ల లివాదితిస్ జలపాతం ఉంది. సమొత్రాకిని ఈసారికి వదిలెయ్యి. అలెగ్జాండ్రూపోలి నుంచి ఓడ ఎక్కాలి, సముద్రం మొండికేస్తే ఓడ కదలదు, తిరుగు విమానం తప్పిపోతుంది.

ఏ దారి గురించి చదివినా దాన్ని ఏ సంవత్సరంలో రాశారో ముందు చూడు. 2023 సెప్టెంబరులో వచ్చిన డేనియల్ తుపానులో పీలియన్ కొండల్లోని జగోరా ఊళ్ళో ఒక్క రోజులో 750 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మన విశాఖకు ఏడాది పొడుగునా పడేది వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు. అంత వాన తరువాత ఆ చుట్టుపక్కల దారులూ వంతెనలూ పాత పుస్తకంలో ఉన్నట్లు ఉండవు. 2021 ఆగస్టులో తగలబడిన ఉత్తర ఎవియా అడవుల సంగతీ అంతే.

కారు విషయంలో నా పొరపాటు చెబుతాను, విని నేర్చుకో. జలపాతానికి రెండు కిలోమీటర్ల నడక తప్పుతుందని ఒకసారి అద్దెకారును మట్టిరోడ్డు మీద దింపాను. గోతిలో అడుగుభాగం రాయికి తగిలి ఆయిల్ పాన్ పగిలింది. పూర్తి బీమా ఉందని ధీమాగా వెళ్తే, అద్దెకిచ్చిన సంస్థవారు కాగితం వెనుక చిన్న అక్షరాలు చూపించి, తారురోడ్డు దాటితే బీమా వర్తించదని, అడుగుభాగం, టైర్లు ఎలాగూ దాని కిందికి రావని చెప్పి సగం నెల జీతం వసూలు చేశారు. కోపం వచ్చింది గాని తప్పు నాదే, నేను కాగితం చదవలేదు. నీవు చదువు. మట్టిరోడ్డు మొదలైన చోటే కారు ఆపి నడువు. కొండ ఊళ్ళలో సందులు ఇరుకు, చౌకైనదని కాకుండా చిన్నదని చూసి కారు తీసుకో. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉండాలి.

ఊళ్ళోకి వెళ్ళగానే నేరుగా దారి వెతుక్కోవద్దు. రచ్చబండలాంటి చోట కఫెనీయో ఉంటుంది, అంటే కాఫీ హోటలు. కూర్చుని ఒక కాఫీ తాగి, ‘కలిమేరా’ అని ముందుగా నీవే పలకరించు. ఊళ్ళోకి వచ్చిన వాడే ముందు పలకరించాలన్నది అక్కడి మర్యాద. తరువాత అడుగు. ఆ పావుగంటలో ఏ మ్యాపూ చెప్పని సంగతులు తెలుస్తాయి, నిన్న వాన పడిందా, కింద కర్రవంతెన నిలిచి ఉందా, మేకల మందలు ఎటున్నాయి అని. నలుగురు విదేశీయులు లోయలోకి దిగారని ఊళ్ళో ఒక మనిషికి తెలిసి ఉండడం అన్నిటికన్నా పెద్ద రక్ష. పైకి వచ్చాక మళ్ళీ వెళ్ళి కనపడి చెప్పడం మరచిపోకు, లేకపోతే ఆ పెద్దాయన రాత్రి నిద్రపోడు.

అడిగే తీరులో కూడా ఒక మెలకువ ఉంది. ‘జలపాతానికి ఇదేనా దారి’ అని అడిగితే మర్యాద కోసం చాలామంది అవుననే అంటారు. ‘ఈ దారి ఎక్కడికి పోతుంది’ అని అడిగితే నిజం వస్తుంది. గ్రీకులో ‘నే’ అంటే అవును. హైదరాబాదులో పెరిగిన నీ చెవికి అది కాదన్నట్లే వినపడుతుంది. నాలుక చప్పరించి, కనుబొమలు ఎత్తి, తల కొంచెం వెనక్కి వంచితే కాదు అని. మనం తల అటూ ఇటూ ఊపితే వాళ్ళకు ఏమీ అర్థం కాదు. దూరం కిలోమీటర్లలో చెప్పరు. మనం కూతవేటు దూరం అన్నట్లు వాళ్ళు ‘ఒక సిగరెట్టు దూరం’ అంటారు. అక్కడ పుట్టి పెరిగిన ముసలాయన పది నిమిషాలంటే మీకు పాతిక నిమిషాలని లెక్క వేసుకో. బోర్డుల మీద నాలుగు మాటలు గుర్తుపట్టగలిగితే చాలు. కతర్రాక్తిస్ అంటే జలపాతం, కంటి శుక్లానికి కూడా అదే మాట గనుక ఆసుపత్రి బోర్డు మీద చూసి కంగారుపడకు. మొనొపాతి అంటే కాలిబాట, ఫరాంగి అంటే ఇరుకు లోయ, కల్దెరీమి అంటే గాడిదల కాలంలో రాళ్ళు పరిచి కట్టిన పాత బాట. గ్రీకు అక్షరాలు పెద్దబడిలో చదివినవి గుర్తుకు తెచ్చుకో, గణితంలో వాడిన ఆల్ఫా, బీటా, గామాలే అవి.

ఆ కల్దెరీమి రాళ్ళు వందల ఏళ్ళుగా కాళ్ళ కింద అరిగి గాజులా నున్నగా ఉంటాయి. తడిస్తే వాటికన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. మడుగుల దగ్గర పాచి పట్టిన రాళ్ళు సరేసరి. పాచి రాయి మీద కాలు పెట్టవలసి వస్తే మడమ కాక పాదం మొత్తం ఆనించి, బరువు నెమ్మదిగా మార్చు. అడుగున గాట్లు ఉన్న బూట్లు నడకకు, నీళ్ళలో దిగడానికి వేరే పాత కాన్వాసు బూట్లు, తడవని సంచిలో ఒక జత పొడి మేజోళ్ళు తీసుకెళ్ళు. చెప్పులు మాత్రం వద్దు. అనావసి వారి కాగితపు మ్యాపు ఒకటి కొని ఉంచుకో, ఎందుకంటే లోయలో సిగ్నలు ఉండదు, బ్యాటరీ నమ్మదగినది కాదు. చెట్ల మీద, రాళ్ళ మీద వేసిన రంగు గుర్తులు పది నిమిషాల పాటు కనపడకపోతే ముందుకు వెళ్ళి వెతకవద్దు, చివరి గుర్తు దాకా వెనక్కి రండి. మేకలు చేసిన బాటలు మనిషి బాటలాగే కనపడి, సగం కొండ దాకా తీసుకెళ్ళి మాయమైపోతాయి. అలా మోసపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఈత గురించి మీ అమ్మ నా చేత ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మన తెలుగు విద్యార్థులు ఇద్దరు నీళ్ళలో పడి ప్రాణాలు పోగొట్టుకున్న వార్త నీకు తెలిసే ఉంటుంది. మీలాంటి పిల్లలే, స్నేహితులతో నడకకు వెళ్ళినవాళ్ళే. మే నెలలో ఆ మడుగుల్లోకి వచ్చేది కొండ కడుపులో నుంచి ఊరిన నీరు, కరిగిన మంచు. ఈత బాగా వచ్చిన వాడికి కూడా ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చుకుపోయి, నోట్లోకి నీళ్ళు పోతాయి. ఈత రాని వాళ్ళు మోకాలి లోతు దాటకూడదు, వచ్చిన వాళ్ళు దూకకూడదు, మెల్లగా దిగాలి. నీరు పడే చోటుకు సరిగ్గా కిందికి ఎవరూ వెళ్ళకూడదు, అక్కడి సుడి మనిషిని అడుగుకు తొక్కుతుంది, పైనుంచి రాళ్ళు కూడా పడతాయి. జలపాతం నెత్తి మీదికి ఎక్కి ఫోటో తీసుకోవడం నిషేధం అనుకో, నేనే విధించాననుకో.

తిండికి ఇబ్బంది లేదు. ‘నిస్తీసిమో’ అని అడిగితే వాళ్ళ ఉపవాసాల్లో తినే మాంసం, పాలు లేని వంటకాలు ఏ ఊళ్ళోనైనా ఏదో ఒకటి ఉంటాయి, చిక్కుడుగింజల పులుసు, ఉడికించిన ఆకుకూర మీద నూనె, నిమ్మకాయ. నడక రోజున నేను తెల్లవారుజామున పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకునేవాణ్ణి, చింతపండు పులిహోర సాయంత్రం దాకా పాడవదు, ఎక్కేటప్పుడు ఉప్పూ కారం ఒంటికి పట్టుకుంటాయి. ఊరి మధ్య రాతి కొళాయిల్లో నీరు చల్లగా తియ్యగా ఉంటుంది. పోసిమో అని రాసి ఉంటే తాగవచ్చు, దాని ముందు ‘మీ’ అని చేరితే తాగకూడదు.

మందలకు కాపలా ఉండే కుక్కలు మన వీధికుక్కల వంటివి కావు, దూడంత ఉంటాయి. గంటల చప్పుడు వినపడగానే మందకు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. ఎదురైతే పరుగెత్తకుండా, కళ్ళలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి జరగండి. రాయి తీస్తున్నట్లు వంగితే చాలావరకు ఆగుతాయి, విసరవద్దు. కంచెలకు తీగతో కట్టిన తలుపులుంటే తెరిచి దాటి మళ్ళీ అలాగే కట్టండి. రాతిగోడల సందుల్లో, ఎండ పడే గట్ల మీద ముక్కు మీద చిన్న కొమ్ము ఉన్న విషసర్పం ఉండవచ్చు. చూడకుండా చెయ్యి పెట్టవద్దు, పొడుగు ప్యాంటు వేసుకోండి. ఆపద వస్తే 112కు, అంబులెన్సుకు 166కు ఫోను చెయ్యాలి. సిగ్నలు అందకపోతే ఇద్దరు దెబ్బతిన్న వాడి దగ్గర ఉండి ఒకడు పైకి వెళ్ళాలి. నలుగురు వెళ్తున్నారని విని నేను సంతోషించింది అందుకే. అడవిలో డేరా వేసుకుని పడుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం, ఊళ్ళో గది తీసుకోండి.

ఒక్క సంగతి మిగిలింది, అది చెట్ల గురించి. ఆ లోయల్లో నీళ్ళ వెంట నీడనిచ్చేది ప్లాతనోస్ చెట్టు. కాశ్మీరులో చినార్ అంటారే, అదే. ఊటల దగ్గర, రచ్చబండల దగ్గర వందల ఏళ్ళ వయసున్నవి ఉంటాయి. వాటికి ఒక బూజు తెగులు పట్టింది. గ్రీసులో దాన్ని మొదట గుర్తించింది 2003లో, నీవు వెళ్తున్న ఆ మెస్సీనియాలోనే. బెరడు మీది చిన్న గాయంలో నుంచి లోపలికి వెళ్ళి నీటి నాళాలను మూసేస్తుంది. కొమ్మలు ఒక పక్క నుంచి ఎండుతూ వచ్చి కొన్నేళ్ళలో మహావృక్షం నిలువునా చస్తుంది. రంపాలకు, గొడ్డళ్ళకు, చక్రాలకు, బూట్లకు అంటిన మట్టి ద్వారా, నదీ ప్రవాహం ద్వారా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుంది, మందు లేదు. అందుచేత కొమ్మ విరవవద్దు, బెరడు మీద పేర్లు చెక్కవద్దు, ఎండుపుల్లలు కారులో వేసుకుని ఇంకో ఏటి దగ్గరకు తీసుకెళ్ళవద్దు. ఒక లోయ నుంచి ఇంకో లోయకు వెళ్ళే ముందు సాయంత్రం గది దగ్గర బ్రష్షుతో బూట్ల అడుగు మట్టి కడిగి, రాత్రి ఆరనివ్వు. పది నిమిషాల పని.

నేదా వరదలో మమ్మల్ని రెండు గంటలు కాపాడినది కూడా ఆ జాతి చెట్టే. జలపాతం నుంచి ప్లాతానియా వైపు తిరిగి ఎక్కేటప్పుడు, మొదటి మలుపు దాటాక, ఎడమచేతి పక్కన ఆ చెట్టు కనపడుతుంది, దాని మొదలులో మనిషి కూర్చునేంత తొర్ర ఉంటుంది. అక్కడ కాసేపు ఆగి నీళ్ళు తాగండి. దాని కొమ్మలు ఇంకా పచ్చగా ఉన్నాయో, ఒక పక్క ఎండడం మొదలైందో చూసి, తిరిగి వెళ్ళాక నాకు రాయి. ఫోటో కూడా పంపు, తొర్రలో నీవు కూర్చున్నది.

ఇట్లు,
నీ మామయ్య